నాగమ్మ ఫస్టుక్లాసు భవనం

మా ఊళ్లో పూరిల్లు వేసుకోవాలంటే డబ్బుండాలి. డబ్బు లేనివాళ్లు రాతి ఇళ్లలో ఉంటారు.

నవ్వకండి. మాది పల్నాడు. మాచర్లకూ గురజాలకూ మధ్య, ఎక్కడ గడ్డపార వేసినా జానెడు లోతున నాపరాయి ఖంగుమనే ఊరు. ఉన్న నాలుగు తాటిచెట్లూ కల్లుకే చాలవు. వరిగడ్డి గొడ్లకే చాలదు. తాటాకు కావాలంటే బాపట్ల వైపు నుంచి లారీలో దిగాలి. రాయి మాత్రం కాలికి అడ్డం పడుతుంటుంది, ఎత్తుకునే ఓపిక ఉండాలంతే. అందుకని మా దగ్గర లేనివాడి గోడ రాయి, కప్పు రాయి, మేకల దొడ్డి కూడా రాయే. ఈ సంగతి మాకు తెలుసు, మా గేదెలకు తెలుసు. ఇంటిపన్ను ఫారాలు అచ్చు వేయించిన మహానుభావులకే తెలియదు.

నా పేరు బాబూరావు. ఆ ఊరి మునిసిపాలిటీలో బిల్ కలెక్టరుని. ఊరి పేరు మాత్రం చెప్పను, నాకింకా పదకొండేళ్ల సర్వీసుంది. నాకు కోపం ఎక్కువని మా ఆవిడ అంటుంది. నిజమే. కాకపోతే ఆ కోపం ఆఫీసు గుమ్మం దాటి లోపలికి వెళ్లగానే ఎటో పోతుంది, సాయంత్రం ఇంటికొచ్చాక మళ్లీ వస్తుంది. నాగమ్మ విషయంలో కూడా మొదట అలాగే జరిగింది. ఆ సిగ్గు ఇంకా తీరలేదు కాబట్టే ఇదంతా చెబుతున్నాను.

నాగమ్మ నాకు అత్త. రక్తసంబంధం ఏమీ లేదు. వాళ్లు వడ్డెరలు, మేము ఆదివారం చర్చికి పోయేవాళ్లం. మా అమ్మ కరుణమ్మ, ఆమె ఒకే క్వారీలో బండలు మోశారు. ఆమె అమ్మను వదినా అనేది, అలా నేను అల్లుణ్ణయ్యాను. నాగమ్మ సన్నగా చువ్వలా ఉండేది. మెడ మాత్రం మగవాడి మెడ. నడినెత్తిన రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు లేవు. బండ కింద చుట్టకుదురు పెట్టి పెట్టి అరిగిపోయింది అనేది. ఎవరైనా ఆ బట్టతల వైపు చూస్తే "ఏంది చూస్తన్నావు, నా ఇల్లు ఈడ్నుంచే మొలిచింది" అని చెప్పేది.

అది నిజం. ఎలా మొలిచిందో చెప్పాలంటే పున్నారావు గారి క్వారీ కట్టుబాటు ఒకటి చెప్పాలి.

ఆ క్వారీలో వారం కూలి శనివారం ఇచ్చేవాళ్లు. ఆ రోజు పనివాళ్లు ఒక్కొక్కరు ఒక్క బండ ఇంటికి తీసుకుపోవచ్చు. అంచు విరిగినదో, బీట వారినదో, ఏదో ఒక అవకరం ఉన్నదై ఉండాలి. బండి కట్టకూడదు. ఎవరి బండ వాళ్లే ఎత్తుకుని ఎవరి నెత్తిన వాళ్లే పెట్టుకోవాలి. పక్కవాడు ఒక్క చెయ్యి సాయం వేసినా మేస్త్రీ దింపించేవాడు. పున్నారావు తండ్రి పెట్టిన ధర్మం ఇది. ఆ ముక్కలు పేరుకుపోతే బయట పోయించడానికి బండి కిరాయి అయ్యేది. ధర్మంతో పుణ్యమూ వచ్చింది, కిరాయీ మిగిలింది.

నాగమ్మ, ఆమె మొగుడు రోశయ్య శనివారానికి రెండు బండల లెక్కన మొదలుపెట్టారు. క్వారీ బాట బజారులో కలిసే మూల మీద రోశయ్య తాతల నాటి రెండు సెంట్ల జాగా ఉంది. పునాది నేలకు సమంగా లేచేసరికి రోశయ్య క్వారీలో బండ కింద పడి పోయాడు. అప్పుడు ఆమెకు ముప్పై కూడా లేవు. పదకొండో రోజు దాటాక శనివారం వచ్చింది. నాగమ్మ పనికి పోయింది, కూలి తీసుకుంది, ఒక బండ ఎత్తుకుని వచ్చింది. అక్కడి నుంచి పదమూడేళ్లు, శనివారానికి ఒకటి. జ్వరమొచ్చిన శనివారాలు తప్ప. నిలువు బండలు గోడలయ్యాయి, వేప దూలాల మీద అడ్డం బండలు కప్పయ్యాయి, మిగిలినవి నేలయ్యాయి. సందుల్లో మట్టి. సిమెంటు అనే పదార్థం ఆ ఇంటి మొహం చూడలేదు. ఎండాకాలం పెనం, వానాకాలం జల్లెడ. అయినా ఆ ఇంట్లో ఏ రాయి ఎప్పటిదో ఆమెకు తెలుసు. "ఇది తుఫాను ఏటిది, ఇది మీ అమ్మ నన్ను తిట్టిన వారంది" అని చేత్తో తట్టి చెప్పేది. మా అమ్మ ఎందుకు తిట్టిందంటే, నాలుగో నెలలో కడుపు పోయిన వారం కూడా బండ ఎత్తుకొచ్చిందని. ఆ కడుపు రోశయ్య పోయే ముందు నిలిచింది. దాని తర్వాత ఆమెకు ఇంక ఆ ఇల్లే.

ఎనభై నాలుగులో మా పంచాయతీ మునిసిపాలిటీ అయింది. బోర్డు మారింది, కుర్చీలు పెరిగాయి, మురుగుకాలవ మాత్రం పాతదే. మునిసిపాలిటీ అన్నాక ఇళ్లన్నీ కొత్తగా కొలిచి పన్ను కట్టాలి కదా. ఆ పనికి రెవిన్యూ ఇన్‌స్పెక్టర్ బసవపున్నయ్య గారు వచ్చారు. ఆయనది రేపల్లె పక్కన. మంచివాడే. చెయ్యి చాపేవాడు కాదు, ఎవరైనా భోజనం పెడితే తినేవాడు. నాపరాళ్ల సీమకు ఆయన రావడం అదే మొదలు.

నాగమ్మ ఇంటి ముందు నిలబడి ఆయన నోరు తెరిచాడు.

"బాబూరావ్! గోడలు రాయి, కప్పు రాయి, లోపల నేల కూడా రాయి! మా రేపల్లెలో ఇంత రాయి దింపాలంటే రెండెకరాల మాగాణి అమ్మాలయ్యా. ఎవరిదీ ఇల్లు?"

"బండలు మోసే ఆమెదండీ. ఇక్కడ రాయి..."

"ఎవరైతే ఏం, ఆస్తి ఆస్తే" అన్నాడాయన. ఫారం తీశాడు. "చూడు, కప్పుకి మూడు గళ్లే ఇచ్చారు. తాటాకు లేక గడ్డి అయితే మూడో తరగతి. పెంకు అయితే రెండో తరగతి. రాయి లేక కాంక్రీటు అయితే ఫస్టుక్లాసు. ఇందులో ఏది రాయమంటావు?"

కప్పు రాయే. కాదనడానికి లేదు. నాగమ్మ గుమ్మంలో నిలబడి ఇంత పెద్దాఫీసరు తన ఇంటిని మెచ్చుకుంటున్నాడని పొంగిపోతోంది. "లోపలికి రండయ్యా, మజ్జిగ తాగండి" అంటోంది. ఆయన చెబుతుంటే నేను రాశాను. రాతి భవనం, ఫస్టుక్లాసు. కలం నాది, చేతిరాత నాది, ఆ రాయి విలువ ఎంతో తెలిసినవాణ్ణి నేను. అప్పుడే పర్మనెంటయిన కొత్త. నోరు పెగల్లేదు. ఛీ, ఇప్పుడు తలుచుకున్నా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బాటకు ఇటు వైపు నాగమ్మ ఇల్లయితే, సరిగ్గా ఎదురుగా అటు వైపు పున్నారావు గారి మేడ. రెండంతస్తులు, మొజాయిక్ నేల, టేకు తలుపులు. మేడ మీద గాలికి కూర్చోవడానికి ఆయన తాటాకు పాక ఒకటి వేయించాడు. రెండు లారీల ఆకు, నలుగురు పనివాళ్లు బాపట్ల నుంచి వచ్చి వారం రోజులు కట్టారు. ఊళ్లో అంత ఖరీదైన కప్పు ఇంకోటి లేదు. మధ్యాహ్నం భోజనం అక్కడే వడ్డించారు. నాటుకోడి పులుసు, గారెలు, గడ్డపెరుగు. చల్లటి గాలి. బసవపున్నయ్య గారు బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుని ఫారం తీశాడు.

"ఇంటికి అన్నిటికన్నా పైనున్న కప్పు ఏమిటి?" అని చదివాడు.

పున్నారావు తల ఎత్తి చూశాడు. ఆయన చూశాడని ఇన్‌స్పెక్టరు చూశాడు. ఇద్దరూ చూశారని నేనూ చూశాను. తాటాకే.

"రాసుకోండి, కంటికి కనపడేదేగా!" అని పున్నారావు పెద్దగా నవ్వాడు. నేను అదీ రాశాను. తాటాకు ఇల్లు, మూడో తరగతి.

పన్ను నోటీసులు వచ్చాయి. నాగమ్మకు వచ్చిన కాగితం చూసి, "నా ఇల్లు మెచ్చుకోటానికి ఇంత ఖర్చయిద్దని తెలిస్తే మజ్జిగ కూడా ఇచ్చేదాన్ని కాదురా" అంది. ఒక మేకను అమ్మి కట్టింది. పన్నుతో పోయుంటే బాగుండేది. రెండు రూపాయల బియ్యానికి పచ్చకార్డులు ఇచ్చేటప్పుడు రేషను వాళ్లు మా రిజిస్టరు అరువు తెచ్చుకుని పేర్లు ఎత్తిరాసుకున్నారు. భవనాలున్న వాళ్లు అనర్హులు, పూరిళ్ల వాళ్లు అర్హులు. నాగమ్మకు కార్డు రాలేదు. పున్నారావు గారికి వచ్చింది. తలారి వచ్చి చేతిలో పెడితే ఆయన చాలా సేపు నవ్వాడట. తర్వాత నవ్వు ఆపి గోతం ఇచ్చి మనిషిని పంపించాడట.

వితంతు పింఛనుకు పోతే అక్కడా అదే మాట. "భవనం ఉంది కదమ్మా."

అప్పుడు నాగమ్మ నా దగ్గరకొచ్చింది. "ఒరే అల్లుడా, రాసింది నువ్వేనంట గదా" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేను అర్జీ రాశాను. తప్పు చేసినవాడి చేతిరాత చాలా అందంగా వస్తుంది. "నా ఇల్లు గుడిసె వంటిదేనని గుర్తించి, తరగతి తగ్గించి, నన్ను పేదరాలిగా పరిగణించవలసిందిగా ప్రార్థన." ఆమె వేలిముద్ర వేసింది. ఆ అర్జీ ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పోవడానికి పదకొండు నెలలు పట్టింది. ఆఫీసులో మొత్తం నాలుగు బల్లలే.

చివరికి జవాబొచ్చింది. గుండ్రటి సీలు, కమిషనర్ గారి సంతకం. నేనే చదివి వినిపించాను. "అర్జీదారు ఇంటిని స్వయముగా తనిఖీ చేయగా, సదరు కట్టడము గోడలు, కప్పు, నేల సహా పూర్తిగా రాతితో నిర్మించిన మొదటి తరగతి భవనమని ఎట్టి సందేహము లేకుండా రుజువైనది. అర్జీ తిరస్కరించడమైనది."

"తనిఖీకి ఎవురొచ్చార్రా?" అంది నాగమ్మ.

"ఎవరూ రాలేదత్తా."

"మరి ఎట్టా చూశారు?"

ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పన్ను రసీదులతో పాటు డాల్డా డబ్బాలో దాచింది. "పారేయ్ అత్తా, దేనికది?" అన్నాను. "సీలున్న కాయితం. నీకేం దెలుసు, పడుండనీ" అంది. ఆ తర్వాత ఏటేటా ఏప్రిల్లో నాకు మొదటి పన్ను ఆమెదే. కట్టేటప్పుడు నా బల్ల మీద గట్టిగా చెయ్యి కొట్టి, "భవనం నాగమ్మ వచ్చింది, రసీదు రాయి" అనేది. ఆఫీసంతా నవ్వేది. ఆమె నవ్వేది కాదు.

ఎనభై ఏడులో ఎన్నికలొచ్చాయి. పున్నారావు గారు మా వార్డు కౌన్సిలరు అయ్యారు. క్వారీ లారీలు బస్టాండుకు చేరాలంటే ఆ బాట ఇరుకు. వెడల్పు చెయ్యాలని ఆయనే తీర్మానం పెట్టాడు. నేను మినిట్సు పుస్తకం పట్టుకుని గోడవారన ఉన్నాను. "పక్కా భవనాల జోలికి పోవద్దు. పూరిళ్లు అడ్డమొస్తే తీసేద్దాం. అభివృద్ధి కావాలంటే ఎవరో ఒకరు త్యాగం చెయ్యాలి గదా" అన్నాడు. ఎవరో ఒకరు అంటే ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు. చప్పట్లు కొట్టి ఆమోదించారు.

ప్లాను గీయడానికి కాగితాలు గుంటూరు పోయాయి. గీసేవాళ్లు మా ఊరు రాలేదు. ఎండలు మండుతున్నాయి, జీపు రిపేరులో ఉంది. మా పన్ను రిజిస్టరు తెప్పించుకుని, తీర్మానం పక్కన పెట్టుకుని, శ్రద్ధగా గీశారు. బాట మూల దగ్గర రెండు ఇళ్లలో ఒకటి పోక తప్పదు. ఒకవైపు ఫస్టుక్లాసు రాతి భవనం. ఇంకోవైపు తాటాకు ఇల్లు. వాళ్ల తప్పేముంది చెప్పండి.

కౌన్సిలు హాల్లో ప్లాను విప్పారు. ఎర్రగీత బస్టాండు దగ్గర మొదలై, బజారు దాటి, మూల దగ్గర కొంచెం ఒరిగి, పున్నారావు గారి మేడ హాల్లోంచి, వంటింట్లోంచి, పూజగదిలోంచి దూసుకుపోయింది.

"ఇదేంది?" అన్నాడు పున్నారావు.

గుమాస్తా కళ్లజోడు సర్దుకుని చదివాడు. "మూడో తరగతి తాటాకు పూరిల్లు అండి. తొలగింపుకు పరిహారం మూడు వందల రూపాయలు."

ఆ తర్వాత హాల్లో పున్నారావు మాట్లాడిన మాటలు మినిట్సులో రాయలేదు. నాకు రాయాలనే ఉంది. తను తీసిన గోతిలో తనే మనిషి పడటం చాలా సార్లు విన్నాను, గోతిలో పడుతూ ఎవరు తవ్వారని అరవడం అప్పుడే చూశాను. మర్నాడు పది గంటలకల్లా ఆయన దరఖాస్తు వచ్చింది: నాది పూరిల్లు కాదు, రెండంతస్తుల మేడ, తరగతి పెంచండి. పన్ను పెంచమని మనిషి బతిమాలడం నా సర్వీసులో అదే మొదలు, అదే చివర. పదకొండు నెలలు కాదు, పదకొండు నిమిషాల్లో మంజూరైంది. పాత పన్ను తేడా అంతా అక్కడికక్కడే కట్టాడు. రసీదు నేనే రాశాను. చేతిరాత ఆ రోజు కూడా అందంగానే వచ్చింది.

ఇక మిగిలింది అవతలి పక్క.

"ఆ ముసల్దాని బండల కొట్టు తీసిపారేయండి" అన్నాడు పున్నారావు.

"అది ఫస్టుక్లాసు భవనమండీ" అన్నాడు గుమాస్తా.

"ఏడ్చావు. మార్చు."

మార్చడానికి రూలు అడ్డమొచ్చింది. పెంచాలంటే ఆఫీసు పెంచవచ్చు. తగ్గించాలంటే ఇంటివాళ్లే అర్జీ పెట్టుకోవాలి. తగ్గించకుండా తీసెయ్యాలంటే ఫస్టుక్లాసు భవనానికి ఇవ్వాల్సిన పరిహారంతో మునిసిపాలిటీ మూడు నెలల జీతాలు ఎగిరిపోతాయి. కాబట్టి నాగమ్మ అర్జీ కావాలి. ఎవరి అర్జీని నాలుగు బల్లల మీద పదకొండు నెలలు తిప్పారో, ఆమె గుమ్మం ముందుకు కమిషనర్ గారు జీపులో వచ్చారు. వెంట పున్నారావు. వెనక సీట్లో ఇంకుపాడ్‌తో నేను.

నాగమ్మ మేకకు చెట్టుకొమ్మ వేస్తోంది. ఆమెకు అప్పటికి అరవై దగ్గర పడింది. రోశయ్య బండ ఎక్కలేనని క్వారీ మానేసింది. రోశయ్య బండ అంటే గని అంచున పెద్ద మెట్టు, ఆయన పోయిన చోటు. అక్కడా ఇక్కడా కల్లాలు ఊడ్చి తెచ్చుకున్న గింజలతో గడుపుతోంది. ఒక పూట ఉంటే ఒక పూట లేదు. నాకు తెలుసు.

"అమ్మా, నీ అర్జీ మళ్లీ పరిశీలించాం. నీది గుడిసేనని ఒప్పుకుంటున్నాం" అన్నారు కమిషనర్ గారు చాలా మెత్తగా. "ఇక్కడ వేలిముద్ర వెయ్యి. వారంలో పచ్చకార్డు. వచ్చే నెల నుంచి పింఛను. సరేనా?"

నాగమ్మ మొహం ఎలా వెలిగిందో చెప్పలేను. చేతులు కొంగుకు తుడుచుకుంది. "నిజమేనా అయ్యా? కార్డు కూడానా?" అంది. నా వైపు తిరిగి, "చూశావట్రా అల్లుడా, నీ చేతిరాత తప్పని వాళ్లే దిద్దారు" అంది. నేను ఇంకుపాడ్ పట్టుకున్నాను. ఆమె బొటనవేలు అద్దింది. ఆ వేలు కాగితం మీదికి వస్తోంది. పున్నారావు నా మొహంలోకే చూస్తున్నాడు. నా ఉద్యోగం, నా పిల్లల చదువు, అన్నీ ఆ చూపులో ఉన్నాయి. మొదటిసారి నోరు మూసుకున్న రోజు గుర్తొచ్చింది. ఒళ్లు మండింది.

"ఆగత్తా" అన్నాను. "సార్, చదువురాని వాళ్లు వేలిముద్ర వేసేముందు కాగితం చదివి వినిపించాలి. రూలు."

కమిషనర్ గారు నన్ను చూసిన చూపుకు బండ పగలాలి. కానీ రూలు రూలే. నేను గట్టిగా, వీధంతా వినపడేలా చదివాను. "నేను నివసించుచున్నది గుడిసె అయినందున, తరగతి తగ్గించవలసినదిగా కోరుచున్నాను. సదరు గుడిసెను రోడ్డు వెడల్పు నిమిత్తం తొలగించుటకు, మూడు వందల రూపాయల పరిహారం స్వీకరించుటకు నాకు అభ్యంతరము లేదు."

నాగమ్మ వేలు గాలిలో ఆగింది.

మేక ఆకులు నములుతోంది. ఆమె మెల్లగా తిరిగి, ఆ సిరా వేలును గుమ్మం పక్క నిలువు బండకు రాసి తుడుచుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

"గుడిసెయ్యేంది? ఇది భవనం" అంది.

"ఏమే నాగమ్మా, ఒళ్లు బలిసిందా?" అన్నాడు పున్నారావు. "మా క్వారీలో పారేసిన ముక్కలేగదే ఇయ్యన్నీ! ఇదొక భవనమంటావా?"

"నువ్వు పారేసినయ్యే అయ్యా. కాదన్లేదు. మోసింది నువ్వా?" అంది. "నా మొగుడు సచ్చిన పన్నెండో నాడు మోశా. కడుపు పోయిన వారం మోశా. ఒక్క చెయ్యి సాయం వస్తే దింపించిందెవురు, మీ మేస్త్రీ కాదా? అన్నం ఏ పూటకాపూట ఎట్టోకట్టా తెచ్చుకుంటా. ఈ బండలు మళ్లీ మోయాలంటే పదమూడేళ్లు కావాల. మెడ ఏదీ? నీ మెడ ఇస్తావా?"

లోపలికి పోయి డాల్డా డబ్బా తెచ్చింది. నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "చదువు అల్లుడా. సీలున్న కాయితం. గట్టిగా చదువు."

చదివాను. స్వయముగా తనిఖీ చేయగా. మొదటి తరగతి భవనమని. ఎట్టి సందేహము లేకుండా. చదువుతుంటే వెనక వరస ఇళ్లవాళ్లంతా వచ్చి నిలబడ్డారు. కింద ఉన్న సంతకం ముందటి కమిషనర్ గారిది. అది అబద్ధమంటే ఆఫీసు తనిఖీలన్నీ అబద్ధం, పన్నులన్నీ అబద్ధం, పొద్దున పున్నారావు గారికి ఇచ్చిన మేడ కాగితం కూడా అబద్ధం. గురజాల కోర్టులో ఏ ప్లీడరైనా మధ్యాహ్నం కాఫీకి ముందే తేల్చేస్తాడు. కమిషనర్ గారు చదువుకున్న మనిషి. కాగితం మడిచి ఆమె చేతికి ఇచ్చి, జీపెక్కారు.

రోడ్డు పడింది. బస్టాండు నుంచి తిన్నగా వచ్చి, ఆ మూల దగ్గర పాములా వంకర తిరుగుతుంది. ఒకవైపు పున్నారావు గారి ప్రహరీ, ఒకవైపు నాగమ్మ గోడ, మధ్య పాత బాట ఎంత ఇరుకో అంత ఇరుకే. లారీవాళ్లు అక్కడ గేరు మార్చి, బూతులు తిట్టి, దాటుతారు. నన్ను ఆరు నెలలు మీటర్ల గదిలో కూర్చోబెట్టారు. అక్కడ మీటర్లు లేవు, ఎలుకలు ఉన్నాయి. పరవాలేదు. ఆ ఆరు నెలలూ ఇంటికి పోయి మా ఆవిడ మీద అరవలేదు.

మరి పచ్చకార్డు ఏమైందంటారా? భవనం గలవాళ్లకు రాదు కదా. పింఛనూ అంతే. ఆమె మళ్లీ అడగలేదు.

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం పున్నారావు గారి పెరటి వైపు నుంచి నాగమ్మ వస్తూ కనిపించింది. నెత్తిన చుట్టకుదురు, దాని మీద మూట. మళ్లీ బండలు మొదలుపెట్టిందేమో అనుకుని ఎదురెళ్లాను.

"ఏందత్తా అది?"

"బియ్యం రా. పున్నారావు గారింట్లో అమ్ముతున్నారు. కిలో మూడున్నర."

అప్పుడు తట్టింది నాకు. మా రిజిస్టరులో ఆయన ఇల్లు మేడ అయింది కానీ, రేషను వాళ్లు ఎత్తిరాసుకున్న పుస్తకంలో ఇంకా తాటాకు ఇల్లే. ఎవరూ దిద్దలేదు. దిద్దాలంటే ఆయనే అర్జీ పెట్టుకోవాలి. రెండు రూపాయల బియ్యం నెలనెలా ముందు గుమ్మంలోంచి మేడలోకి పోయి, పెరటి గుమ్మంలోంచి మూడున్నరకు బయటికొస్తోంది.

నాకు కోపం నషాళానికెక్కింది. "అది నీకు రావాల్సిన బియ్యం అత్తా! నీ బియ్యమే నువ్వు కొనుక్కుంటున్నావు! సిగ్గులేదా ఆయనకి?"

"ఊరుకోరా" అంది నాగమ్మ. "ఆయనది పూరిల్లు పాపం. ఎట్టా బతుకుతాడు? నాలాంటి భవనాల వాళ్లు నలుగురు కొనకపోతే."

నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. చెమట కారుతోంది, మెడ నరాలు బిగిసి ఉన్నాయి. మూట అందుకుందామని చెయ్యి చాపాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"చెయ్యేయబాక అల్లుడా. శనివారం సరుకు. ఎవురి నెత్తిన వాళ్లే మోసుకోవాల."

నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను.